జమ వ్రాయని పద్దులు

నేను పండితుడను కాను. హైస్కూలు చదువు ముగించుకొని, ధర్మపురిలో మా నాయనగారి జౌళి అంగడిలో గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడను. కనుక శాస్త్రచర్చ చేయబోవుట లేదు. మనకందరికీ తెలిసిన లెక్కల భాషలోనే నాలుగు మాటలు మనవి చేసుకొంటాను.

కృతజ్ఞత అలవరచుకొంటే మనసు తేలికపడుతుందని, ఆందోళన తగ్గుతుందని ఈ రోజులలో తరచు వింటున్నాము. మంచిదే. కాని మన మనసు తేలికపడుటకే ఇతరులు చేసిన మేలు తలచుకొంటే, అది కృతజ్ఞతా, మరొక రకపు లాభాపేక్షా? ఈ ప్రశ్న నన్ను కొన్నాళ్ళు వేధించింది.

2020 మార్చి నెలాఖరున దేశమంతటా లాక్‌డౌను వచ్చినప్పుడు, వేసవి పెండ్లిళ్ళకని అప్పుమీద తెచ్చిన సరుకు మా అంగడి నిండా ఉన్నది. షట్టరు దించి ఇంట్లో కూర్చున్నాను. పగలు ఆకలి లేదు, రాత్రి నిద్ర లేదు. రెండు గంటల వేళ లేచి ఆవర్జా తెరచి, నాకు రావలసినదెంత, నేను ఇవ్వవలసినదెంత అని కూడి కూడి చూచేవాడను. గుండె దడదడలాడేది. ఒక రాత్రి మా ఇంటామె లేచి వచ్చి, “ఎన్నిసార్లు కూడినా అందులో వ్రాసినదే కదండీ వచ్చేది! వ్రాయనిది ఎట్లా వస్తుంది?” అన్నది. నిద్రమత్తులో అన్న మాటేమో గాని, అది నన్ను వదలలేదు.

ఆ వేసవిలోనే ఒక రాత్రి గాలివాన కొట్టింది. అంగడి ముందరి కాలువ పొంగి, నీళ్ళు షట్టరు కిందినుంచి లోపలికి రాసాగాయి. మా బేళ్ళు మోసే హమాలీ ఒకరు దగ్గరలోనే కాపురం ఉండేవాడు. ఎవరూ పిలువకుండానే వచ్చి, ఇసుక గోతాలు అడ్డం వేసి, వాన వెలిసేదాకా తడుస్తూ నిలబడి, తెల్లవారిన తరువాత నాకు ఫోను చేశాడు. సరుకు దక్కింది. అతని పేరు నా పుస్తకంలో ఎక్కడున్నదా అని వెదికాను. ఒక్కచోటనే ఉన్నది: ‘అడ్వాన్సు బాకీ 2,000’ అని. నా నిద్రలేమి సంగతి అందరికీ చెప్పుకొన్నాను గాని, నెల దాటి పనిలేని అతని ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతున్నదో ఒక్కనాడూ అడుగలేదు.

అప్పుడు తెలిసింది, నా లెక్కే తప్పు అని. ఖర్చు మాత్రమే వ్రాసి జమ వ్రాయకపోతే లక్షాధికారి కూడా దివాలా తీసినట్లే కనబడతాడు. జీవులు ఒకరికొకరు తోడ్పడుతూ బ్రతుకుతారని తత్త్వార్థసూత్రం ఐదవ అధ్యాయంలో చదువుకొన్నవారమే. అయినా బిల్లు లేకుండా మనకు అందిన మేలును ఏ పుస్తకంలోనూ ఎక్కించము. ఆ తప్పుడు లెక్క చూచుకొని రాత్రులు భయపడుతాము.

అమెరికాలో ఎమ్మన్స్, మెక్కల్లో అనే ఇద్దరు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన ఒక పరిశీలన ఉన్నది. కొందరు విద్యార్థులను వారానికొకసారి తాము కృతజ్ఞులమనుకొన్న విషయాలు ఐదువరకు వ్రాయమన్నారు. మరికొందరిని చికాకులు వ్రాయమన్నారు. మేలు వ్రాసినవారే తమ జీవితంపట్ల ఎక్కువ తృప్తితో ఉన్నట్లు తేలింది. అంతమాత్రాన బాకీ తీరిపోతుందని కాదు. బాకీ బాకీయే. కాని దాని పక్కన జమ కూడా కనబడితే, చేయి వణకకుండా ఆ బాకీ తీర్చే దారి వెదుకగలము.

ఇక మొదటి ప్రశ్న. వర్తకునికి దాని జవాబు సులభమే. ఒకరి పేర జమ వ్రాశామంటే, వారికి మనము ఋణపడినట్లే. వ్రాసి ఊరుకొంటే అది మన సుఖానికి, తీరిస్తేనే కృతజ్ఞత. నేను ఆ 2,000 కొట్టివేశాను. అంగడి మూసిన రోజుల కూలిలో కొంత ఇచ్చాను. పూర్తిగా ఇచ్చానని మాత్రం చెప్పలేను. ‘నీవు మా ఇంటి మనిషివి’ అనే మాట కూలికి బదులు కాదని అప్పుడే నేర్చుకొన్నాను.

ఇందుకు మన ఊరిలోనే పాత సాక్ష్యం ఉన్నది. ధర్మపురి పూర్వనామం తగడూరు. నొళంబ రాజు మహేంద్రుని కాలం నాటి, క్రీ.శ. 893 నాటి కన్నడ శాసనం ఇక్కడ దొరికింది. ఒక సెట్టిగారి కుమారులు నిధియణ్ణ, చండియణ్ణ ఇక్కడ బసది కట్టించారని, రాజు తనకిచ్చిన మూలపల్లి గ్రామాన్ని నిధియణ్ణ ఆ బసది మరమ్మతులకు, పూజకు కనకసేన సిద్ధాంత భటారులకు అప్పగించాడని అందులో ఉన్నది. అతనికి ఎవరెంత బాకీపడ్డారో ఈనాడు ఎవరికీ తెలియదు. తనకు అందినదానిని ముందుకు అందించిన ఆ ఒక్క పద్దు రాతిమీద నిలిచింది.

మనకు ఉపకారం చేసేవారిలో మన దేహమూ ఒకటి. ముప్పది సంవత్సరాలు అంగడిలో నిలబెట్టిన కాళ్ళకు, కళ్ళకు జీతమేమి ఇచ్చాము? విశ్రాంతి దాని కూలి, ఇచ్చితీరవలెను. అందులో స్వార్థమేమీ లేదు. నేను పాటిస్తున్నవి ఇవి. సూర్యాస్తమయానికి ముందే భోజనం. ఉదయం కొంత నడక. రెండు ఘడియలు, అనగా 48 నిమిషాలు, సామాయికంలో కదలక కూర్చుండి, ఊపిరి నెమ్మదిగా విడుచుట. రాత్రి ఫోను పడకగదిలోకి తీసికొనిపోకుండుట. చిట్టా కట్టిన తరువాత వెనుక పుటలో ఆ రోజు ఎవరివలన మేలు పొందామో మూడు పద్దులు, ఒక్కొక్కదాని ఎదుట ‘తీర్చవలసినది’ అని వ్రాయుట.

ఇవి మందుకు బదులు కావు. వారాల తరబడి నిద్ర పట్టకున్నా, ఏ పనీ చేయబుద్ధి కాకున్నా వైద్యుని చూడవలెను. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడవచ్చును. లెక్క తేలనప్పుడు తెలిసినవారిని అడుగుట మన వృత్తిలో సిగ్గు కాదు గదా!

ఆ హమాలీ ఇప్పటికీ మా బేళ్ళు మోస్తున్నాడు. అతని పద్దు ఇంకా పూర్తిగా తీరలేదు. అయినా రాత్రి రెండు గంటలకు లేచి ఆవర్జా తెరచే అలవాటు నాకు పోయింది.