రథమును వెనుకకు మరలింపని సారథి

భగవద్గీత ప్రథమాధ్యాయమును పారాయణము చేయువారు అర్జునుని స్థితిని విషాదమని చెప్పి ముందుకు సాగుదురు. కాని ఆతడు తన దేహమున కనుగొన్న లక్షణములను ఒక్కొక్కటిగా చూచినచో, అవి వైద్యుడు వ్రాసికొను చీటివలె నుండును. అవయవములు పట్టుదప్పినవి. నోరెండినది. ఒడలు వణకినది. చర్మము మండినది. గాండీవము చేజారినది. నిలువలేక రథముపై కూలబడినాడు. ఆతనిని పిరికివాడని ఎవ్వరును అనజాలరు. అంతటి వీరుని దేహమునే ఆందోళన ఇట్లు పట్టి ఊపినప్పుడు, ఆరవ తరగతి చదువు పిల్లకు సోమవారపు ఉదయమున వచ్చు కడుపునొప్పి ఒట్టి నటన యని పెద్దలు తేల్చివేయుట న్యాయమా?

అనకాపల్లి నుండి అచ్యుతాపురము పోవు దారిలో మునగపాక కలదు. శారదానది నీరు, చెరకు తోటలు, బెల్లపు వంట ఆ ప్రాంతపు జీవనమునకు ఆధారములు. అట్టి ఊరిలో ఒక బాలిక ఉన్నదనుకొందము. బడివేళకు కడుపులో నొప్పి. తల్లి కనుమరుగైనచో ఏడ్పు. పరీక్ష రేపనగా రాత్రి నిద్రపట్టదు. ఆదివారము మాత్రము ఏ బాధయు ఉండదు. ఊరి ఆర్.ఎం.పి. వైద్యుడు మాత్రలిచ్చును. అమ్మమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీయును. తగ్గకున్న తాయెత్తు, ఆపై అనకాపల్లి నూకాలమ్మకు మ్రొక్కు. వీనిని హేళన చేయనక్కరలేదు. పెద్దామె చేయి తలచుట్టు తిరుగునప్పుడు బిడ్డకు కలుగు ఊరట ఊరటయే. దయ్యము పట్టినదని కొట్టుట, వాతలు పెట్టుట మాత్రము పాపము. దానికి వేరు పేరు లేదు.

చిక్కు మరియొక చోట నున్నది. ‘ఈ పూటకు బడి మానివేయవే తల్లీ’ అని ప్రేమతో పలికిన మాటలో నున్నది. ఆ మాట చెవిని పడగానే నొప్పి తగ్గును. తప్పించుకొనుటచేతనే తాను బ్రతికితినని పిల్ల మనస్సు ఒక పాఠము నేర్చును. మరునాడు భయము రెండింతలగును. చుట్టములు పలుకరించినప్పుడు పిల్లకు బదులుగా తల్లియే సమాధానము చెప్పుట, తండ్రి బడి కిటికీ వెలుపల గంటలకొలది నిలుచుట, ‘ఏమియు కాదు గదా’ అను ప్రశ్నకు దినమున నలువది మారులు ‘కాదు’ అని బదులిచ్చుట, ఇవన్నియు వాత్సల్యమే. ఐనను భయమునకు మేత ఇవియే.

శ్రీకృష్ణుడు ఏమి చేసెను? రథమును రెండు సేనల నడుమ నిలిపెను. అర్జునుడు కూలబడినప్పుడు దానిని శిబిరమునకు మరలింపలేదు. శత్రువుల మీదికి తోలనూ లేదు. ఆ మొదటి అధ్యాయమున అర్జునుడు తన బాధను చెప్పుకొనుచుండగా స్వామి వినుచునే యుండెను. తరువాత ఒకసారి గద్దించెను. ఆ గద్దింపు పనిచేయలేదన్న సంగతిని ఉపన్యాసకులు తరచుగా చెప్పరు. అర్జునుడు యుద్ధము చేయనని చెప్పి మౌనము వహించెను. అటుపిమ్మట స్వామి చిరునవ్వుతో బోధ నారంభించెను. ఆ బోధయును ఉభయ సేనల మధ్యనే జరిగినదని ద్వితీయాధ్యాయము మరల గుర్తుచేయుచున్నది. భయపెట్టుదాని ఎదుటనే నిలిచి, తన తలంపులను ఒక్కొక్కటిగా పరిశీలించుకొనుట. కడపట నిర్ణయమును సైతము ఆతనికే విడిచిపెట్టెను.

పసివారి ఆందోళనకు నేటి మనోవైద్యులు చేయు చికిత్స ఇంచుమించు ఈ తీరుననే సాగును. 1924లో మేరీ కవర్ జోన్స్ అను అమెరికా శాస్త్రవేత్త పీటర్ అను పసివాని కథను ప్రకటించెను. వానికి కుందేలనిన భయము. వానికి ఇష్టమైన తినుబండారము పెట్టి, పంజరములోని కుందేలును దూరముగా నుంచి, దినదినము కొంచెము కొంచెము దగ్గరకు జరిపిరి. జంకులేక ఆడుకొను ఇతర పిల్లలనును తోడుంచిరి. చివరకు ఆ బాలుడు కుందేలును తన వ్రేళ్లను కొరుకనిచ్చెను. ధ్యానయోగమున మనస్సును మెల్లమెల్లగా నిలుపవలెనని చెప్పిన క్రమమునకు, అభ్యాసమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరుకుట అరుదు.

మునగపాక బాలికకు ఈ పద్ధతి నెట్లు అన్వయింపవలెను? మొదట అడుగవలెను, వినవలెను. బడిలో ఎవరైన కొట్టుచున్నారా, వేధించుచున్నారా, దారిలో ఎవరైన చేయరాని పని చేయుచున్నారా? అట్టిదున్నచో అది వ్యాధి కాదు, ఆపదయే. దానిని పెద్దలు తొలగింపవలెను. అది లేదని తేలిన పిదప, భయమునకు ఒక మెట్లవరుస వ్రాయుదురు. తల్లితో బడి వాకిలి వరకు. మరునాడు తరగతి గుమ్మము వరకు. ఆ మీదట ఒక పీరియడు. పిదప ఒక పూట. ప్రతి మెట్టుపైని భయము దానంతట తగ్గువరకు నిలువవలెను. ‘అమ్మ తిరిగి రాదు’ అను తలంపునకు సాక్ష్యమేమి, ఇంతవరకు ఎన్నిసార్లు రాలేదు అని పిల్లచేతనే లెక్క కట్టింతురు. నిదానముగా ఊపిరి తీసికొనుట నేర్పుదురు. ఇదంతయు సాధారణముగా వారమునకొక మారు చొప్పున మూడు, నాలుగు మాసముల పని.

ఫలితము ఉన్నదా? అమెరికాలో 7 మొదలు 17 ఏండ్ల వరకు గల 488 మంది పిల్లలపై జరిపి 2008లో ప్రచురించిన పరీక్షలో, 12 వారములకు ఈ మాటల చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 60 మంది బాగుగా కోలుకొనిరి. మందు మాత్రమే పుచ్చుకొన్నవారిలో 55. రెండును కలిపినచో 81. ఉత్తుత్తి మాత్ర తినినవారిలో 24. కావున మందనగానే బెదరనక్కరలేదు, మందొక్కటే దిక్కనియు తలపరాదు. యేల్ విశ్వవిద్యాలయము వారు మరియొక మార్గము చూపిరి. పిల్లను పిలువక తల్లిదండ్రులకే శిక్షణ యిచ్చి, భయమునకు లొంగి చేయు సేవలను క్రమముగా మాన్పించిరి. 124 మంది పిల్లల విషయమున జరిపి 2020లో ప్రచురించిన ఆ పరిశోధనలో ఇది పిల్లకు నేరుగా చేయు చికిత్సకు తీసిపోలేదు.

ఆలయమునకు వచ్చు పెద్దలు ఆలోచింపవలసిన మాట యొకటి కలదు. ‘లెంపలు వేసికో, లేనిచో కళ్లు పోవును’ అని పసివానిని దేవునిచేత బెదరింపని ఇల్లెన్ని? అభయహస్తము చూపి నిలిచిన మూర్తి యెదుటనే ఈ మాట! దైవీసంపదలను లెక్కించుచు గీత మొట్టమొదట చెప్పినది అభయమునే. ఇప్పటికే వణకుచున్న బిడ్డకు దేవుడు మరియొక బూచివాడైనచో ఆ దోషము బిడ్డది కాదు.

విశాఖపట్టణమున 2023లో జరిగిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పెను. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలన్నియు శిక్షణ పొందిన సలహాదారునో, మనోవైజ్ఞానికునో, సామాజిక కార్యకర్తనో నియమింపవలెననియు, మార్కులను బట్టి పిల్లలను వేరు తరగతులుగా విడదీయరాదనియు, నలుగురిలో అవమానింపరాదనియు ఆదేశించెను. బడిలో అట్టివారెవరో ప్రధానోపాధ్యాయుని అడుగు హక్కు తల్లిదండ్రులకు కలదు. విశాఖ చినవాల్తేరున ప్రభుత్వ మానసిక వైద్యశాల యున్నది. అంతదూరము పోలేనివారు 14416 నంబరునకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10న ఆరంభమైన ఈ టెలిమానస్ సేవకు రుసుము లేదు, రాత్రింబవళ్లు తెలుగులోనే మాటలాడవచ్చును. పిల్లకు మాటలాడ బిడియమైనచో తల్లి మాటలాడినను చాలును.