రాని తుపానును గూర్చి

చదువదగిన భాగములు: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, యోనా 4వ అధ్యాయము.

ప్రియ చదువరీ, తుపాను వచ్చునని ఒకరు, రాదని మరియొకరు చెప్పునప్పుడు విశ్వాసి ఏ మాట పట్టుకొని నడువవలెను?

2013 నవంబరు 22న హెలెన్ తుపాను మచిలీపట్నమునకు దక్షిణమున తీరము దాటినది. కోతకు వచ్చిన వరి నేలకొరిగినది. ఆ వెంటనే అండమాను దాటి లెహర్ అను మరియొక తుపాను మనవైపే బయలుదేరెను. దాని గాలి గంటకు 140 కిలోమీటర్ల వేగము వరకు పెరిగినది. వాతావరణ శాఖ హెచ్చరించెను. పల్లపు గ్రామములనుండి వేలాదిమందిని తరలించిరి. అయితే 28న మచిలీపట్నము దగ్గర ఒడ్డు చేరునప్పటికి అది వట్టి వాయుగుండమై పోయెను.

హెచ్చరించినవారు అబద్ధికులా? కారు. సముద్రముమీద కొలతలు తీయు పరికరములు కొద్ది. నేటి కొలతలో చిన్న తేడా యున్నను, మూడు దినముల తరువాతి లెక్కలో అది పెద్ద తేడా యగును. అందుచేత ఒక లెక్క ఒక ఊరిని చూపగా మరియొకటి వేరొక ఊరిని చూపును. పొడిగాలి లోనికి చొరబడినను, క్రింది నీటిలో వేడిమి తగ్గినను తుపాను నీరసించును. లెహర్ గతి అదే.

ఆ యేటనే అక్టోబరులో ఫైలిన్ తుపాను ఒడిషామీదికి వచ్చినప్పుడు, అది మహాతుపానని విదేశ నిపుణులు కొందరనిరి. అంత కాదని మన శాఖ అనెను. మన శాఖ మాటే నిలిచినది. అయినను వాదము తేలువరకు ఎవరును కూర్చుండలేదు. లక్షలాదిమందిని ముందే తరలించిరి. 1999లో వేలాదిమంది చనిపోయిన ఆ రాష్ట్రములో ఈసారి మృతులు పదులలోనే యుండిరి.

పౌలు ప్రయాణము వలదనెను. ఓడ నడుపువాడును స్వంతదారుడును పోదమనిరి. శతాధిపతి వారినే నమ్మెను, ఏలయనగా ఆ రేవు వారికి వసతిగా లేదు. మనమును అంతే. రెండు మాటలలో మనకు వీలైనదే మనకు సత్యముగా తోచును. ఉండి ప్రాంతములో చెరువునిండ రొయ్యలున్న వానికి గాలి రాదన్న మాటయే తీపి. కాని ఆ గట్టుమీది పాకలో కాపలా యుండు కుటుంబము ఎవరిది? నీ పంటమీద నీవు పందెము వేయవచ్చును, వారి ప్రాణముమీద వేయరాదు.

కాబట్టి, ఎవరి లెక్క సరియైనదని మాత్రమే అడుగక, లెక్క తప్పినయెడల నష్టము ఎవరిమీద పడునని అడుగుము. కదిలినపుడు తుపాను రాకపోయిన, పోవునది ఒక రాత్రి నిద్ర, ఒక దినపు కూలి. ఆ కూలిని యజమానుడు ఇచ్చివేయవచ్చును. కదలనపుడు వచ్చినయెడల ఏమగునో 1977 నవంబరు 19న దివిసీమ చూచినది.

నీనెవె నశింపకపోగా, తన మాట వ్యర్థమాయెనని యోనా కోపించెను. దేవుడైతే ఆ పట్టణపు పసివారిని, పశువులను సహా తలంచెను. రాని తుపానును చూచి హెచ్చరించినవారిని ఎగతాళి చేయువాడు యోనా ప్రక్కనే కూర్చున్నాడు. ఆ నవ్వు విన్న పొరుగువాడు మరుసారి కదలడు. అప్పుడు ఆ నవ్వు హత్యతో సమానమగును.

చదువరీ, మరల దండోరా వినబడునప్పుడు గుడి తలుపులు తెరచియుంచుము. గట్టుమీదివారిని ముందుగా పిలుచుకొని రమ్ము. తెల్లవారి ఆకాశము నిర్మలముగా నున్నయెడల సిగ్గుపడకుము. వారితో కలిసి దేవుని స్తుతించుము.