కాచేవారి శీలం



"నేను చుక్క ముట్టను, కాచి అమ్ముతా అంతే. నా శీలం ఎట్ల చెడుతది?" అని ఎవరన్నా అడిగితే ఏం చెప్తాం?

మన వరంగల్ పల్లెల్లో గుడుంబా ఎట్ల పుడుతుందో తెలిసిందే. నల్లబెల్లం, పటిక నీళ్లలో ఊరబెట్టి, పులిసిన పానకాన్ని కాచి ఆవిరి పడతారు. వినయపిటకం ప్రకారం పిండితో, అన్నంతో చేసేది సుర. పూలు, పండ్లు, తేనె, బెల్లంతో చేసేది మేరయ. అంటే మన బెల్లం పానకం, ఇప్పపువ్వు ఊట కూడా అయిదో శీలం వద్దన్నవే.

ఎందుకు వద్దు? 'పమాదం' వల్ల. పాలిలో ఆ మాటకు ఎరుక తప్పడం అని అర్థం. ఇంకొకరి ఎరుకను మన చేతులతో పోగొట్టి, "నేను తాగలేదు" అంటే సరిపోతుందా? ఉపాసకులకు బుద్ధుడు వద్దన్న అయిదు వ్యాపారాల్లో మత్తు అమ్మకం ఒకటి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగననే మాటా ఉంది.

అయితే కాచే అక్కను తిట్టి వస్తే మన పని అయిపోదు. ఆ పొయ్యిలో మండేది ఆకలి. సమ్యక్ ఆజీవం బరువు ఆమె ఒక్కతిదే కాదు, మనందరిది. కుండలు పగలగొట్టడానికి ఎక్సైజోళ్లు ఉన్నారు. కుండ బదులు ఓ పాడిబర్రెకో, కుట్టుమిషన్‌కో దారి చూపేది మనమే. ఈసారి వందనం అయినంక మీ వాడలో కూసొని మాట్లాడండి.

నమో బుద్ధాయ! జై భీమ్!