చరిత్రకారుని ప్రమాణము - భక్తుని శ్రద్ధ

భగవంతుడు అనాది, ఆయన ఆరాధనమును అనాదియే యని భక్తులు నమ్ముదురు. చరిత్రకారుడు వచ్చి, ‘ఈ ఆరాధనమునకు ఇన్ని శతాబ్దముల క్రిందటి నిదర్శనము మాత్రమే కనబడుచున్నది’ అన్నచో భక్తుని మనస్సు నొచ్చుకొనుట సహజము. అట్టి పరిశోధనము శ్రద్ధకు శత్రువా, మిత్రమా? ఈ ప్రశ్నను విచారించుటకు సర్ రామకృష్ణ గోపాల భండార్కర్ జీవితము మిక్కిలి ఉపకరించును. వైష్ణవమత ప్రాచీన చరిత్రను శాసనముల ఆధారముతో నిరూపించిన భారతీయులలో ఆయన అగ్రగణ్యుడు.

ఆయన 1837 జూలై 6వ తేదీన కొంకణ తీరమందలి మాల్వణ్‌లో జన్మించెను. రత్నగిరిలోను, బొంబాయిలోను ఆంగ్లవిద్య నభ్యసించి, పిదప శాస్త్రుల నాశ్రయించి సంస్కృత శాస్త్రములను చదివెను. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో బోధించి, 1882లో పూనా దక్కన్ కళాశాలలో సంస్కృతాచార్యుడయ్యెను. 1893లో ఉద్యోగము విరమించి, బొంబాయి విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిని వహించెను. వ్రాతప్రతులను వెదకి సేకరించి, వాటి వివరములను ప్రకటించెను. వైష్ణవ శైవ మతములను గూర్చిన ఆయన గ్రంథము 1913లో, ఆయనకు 75 యేండ్లు దాటిన పిమ్మట వెలువడెను.

ఆయన నాస్తికుడు కాడు. ప్రార్థనా సమాజమున చేరి, తుకారాము అభంగముల నాధారము చేసికొని భక్తిని బోధించిన వాడు. అయినను పరిశోధకుడుగా కూర్చున్నప్పుడు తన యిష్టానిష్టములను ప్రక్కన పెట్టవలెననియు, చరిత్రకారుడు ఒక పక్షమునకు న్యాయవాది కాక న్యాయాధిపతివలె నుండవలెననియు ఆయన నిశ్చయము. ఈ నియమము వినుటకు సులభము, ఆచరించుటకు కష్టము.

పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ పండితుడు వేబర్ కృష్ణజన్మాష్టమిని గూర్చి వ్రాయుచు, ఆ యుత్సవమున క్రైస్తవ కథల ప్రభావము కలదని వాదించెను. కృష్ణభక్తియే పరదేశములనుండి వచ్చినదన్న వాదములును బయలుదేరెను. వీటికి కోపము సమాధానము కాదు. శాపము అంతకంటెను కాదు. సమాధానము రాతిపై నుండెను. మధ్యప్రదేశమున విదిశకు సమీపమందలి బేస్‌నగరములో ఒక స్తంభము కలదు. 1877లో కన్నింగ్‌హామ్ దానిని చూచెను. గ్రామస్థుల పూజలందుకొను ఆ స్తంభముపై సిందూరము దట్టముగా పట్టియుండుటచే అక్షరము లాయనకు కనబడలేదు. ఆకృతిని బట్టి అది గుప్తుల కాలపుదని ఆయన యెంచెను. 1909లో ఆ పూత తొలగింపగా బ్రాహ్మీ లిపి బయటపడెను. తక్షశిలనుండి యవనరాజు పంపగా వచ్చిన హెలియొదోరుడను దూత, తాను భాగవతుడనని చెప్పుకొని, దేవదేవుడగు వాసుదేవునకు ఆ గరుడధ్వజమును నిలిపెనని అందు వ్రాయబడియున్నది. అది క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దపుది. శాతవాహన రాణి నాగనిక నానాఘాట్ శాసనములోను సంకర్షణ వాసుదేవులకు నమస్కారము కలదు. ఇట్టి శాసనముల బలముతోనే భండార్కర్ భాగవత మతము క్రీస్తు పుట్టుకకు ముందే వర్ధిల్లినదని స్థాపించెను. బ్రహ్మోత్సవ సమయమున గరుడ పటము ధ్వజారోహణమగుట చూచి చేతులు జోడించు భక్తునకు ఈ వార్త ఆనందదాయకమే కదా!

అయితే అదే గ్రంథమున ఆయన మఱియొక మాట చెప్పెను. గోకులమందలి బాలకృష్ణుని కథ ఆభీరుల వలన వచ్చినదనియు, ఆ జాతి క్రీస్తు నామమును, బాల్యకథను వెంట తెచ్చియుండవచ్చుననియు ఊహించెను. ఇది ఎందఱో భక్తులకు దుస్సహముగా తోచు మాట. దీనిని తప్పని చూపినవారు గ్రంథమును దహించినవారు కారు. హేమచంద్ర రాయచౌధురి 1920లో ప్రకటించిన వైష్ణవమత చరిత్రలో, భండార్కర్ అవలంబించిన ప్రమాణ పద్ధతినే అనుసరించి ఆ యూహను ఖండించెను. పెద్దవాని మాటయని ఆయన అంగీకరింపలేదు. నచ్చని మాటయని దూషింపనూ లేదు.

ఇచ్చట ప్రతి భక్తుడును తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన విషయ మొకటి కలదు. బేస్‌నగర స్తంభమును చూపి గర్వించి, ఆభీరుల మాట రాగానే చెవులు మూసికొనుట న్యాయమా? అనుకూలమైనప్పుడు ప్రమాణము, ప్రతికూలమైనప్పుడు అపచారము అనుట సత్యమునకు ద్రోహము. శ్రీభాష్యకారులు ప్రతివాదుల మతమును సిద్ధాంతమునకు ముందు విపులముగా ఉపన్యసించిరి. దానిని బలహీనముగా చూపి గెలువలేదు. పూర్వపక్షమును పూర్తిగా వినుట వైష్ణవ సంప్రదాయమునకు క్రొత్త కాదు.

చరిత్రకారునకును ఒక హద్దు కలదు. శిలపై మొదటి అక్షరము చెక్కిన దినము, హృదయమున మొదటి ప్రార్థన పుట్టిన దినము ఒకటి కావు. మానవులు ఎప్పుడు ఆరాధించిరో శాసనము చెప్పును. ఆరాధ్యుడు ఎప్పటివాడో చెప్పజాలదు. నిదర్శనము లేదనుట వేఱు, వస్తువే లేదనుట వేఱు. ఈ భేదమును మఱచిన పండితుడు తన శాస్త్రమునకే అన్యాయము చేయును.

భండార్కర్ 80వ జన్మదినమున, 1917లో, ఆయన పేర పూనాలో ప్రాచ్య పరిశోధన మందిరము వెలసెను. అచ్చటి పండితులు 1919లో మహాభారత సంశోధిత ప్రతి నిర్మాణమునకు పూనుకొని, అనేక వ్రాతప్రతులను సరిపోల్చి, 1966లో పూర్తిచేసిరి. భండార్కర్ 1925లోనే గతించెను. సంశోధకులు పాఠభేదములను లెక్కించినంత మాత్రమున, ప్రాతఃకాలమున విష్ణుసహస్రనామము పఠించు గృహస్థుని నాలుకపై నామమాధుర్యము తగ్గలేదు.

బేస్‌నగర స్తంభమునకు తరతరములుగా సిందూరము పూసినవారికి దానిపై నేమి వ్రాసియున్నదో తెలియదు. ఆ పూతను తొలగించి చదివినవారు దానికి మ్రొక్కినవారు కారు. అయినను పూజ లేకున్న ఆ రాతిని ఇన్ని తరములు ఎవరు ఆదరించియుందురు? పరిశోధన లేకున్న హెలియొదోరుని భక్తి ఎవరికి తెలిసియుండును? శ్రద్ధ గలవాడు సత్యమునకు భయపడనక్కఱ లేదు; సత్యమును వెదకువాడు శ్రద్ధను చులకన చేయనక్కఱ లేదు.