నిద్రలోనుండి వెలుపలికి

ధ్యానభాగము: యోహాను 11:11–44

ప్రాచీన గ్రీకుల పురాణములలో నిద్ర ఒక దేవత. వాని పేరు హుప్నోస్. రాత్రి వాని తల్లి. థనతోస్, అనగా మరణము, వాని సహోదరుడు. నిద్ర మనుష్యులయెడల సౌమ్యుడనియు, మరణముది ఇనుపగుండె యనియు, అతడు పట్టినవానిని విడువడనియు హెసియొద్ కవి వర్ణించెను.

హోమరు వీరిని కవలలనెను. ఈలియద్ కావ్యము 16వ సర్గలో జ్యూస్ తన కుమారుడైన సర్పేదోను చంపబడనున్నాడని యెరిగి, భూమిమీద రక్తబిందువులు కురిపించెను. అయినను అతని తప్పింపలేదు. పిమ్మట శవమును కడిగించి, ఈ కవలలచేత స్వదేశమైన లుకియకు పాతిపెట్టబడుటకై పంపెను. (పౌలు ఓడ మారిన మూర పట్టణము ఈ లుకియలోనిదే.) క్రీ.పూ. 515 ప్రాంతమున యూఫ్రోనియోస్ ఒక మట్టిపాత్రమీద ఈ దృశ్యమును చిత్రించెను. న్యూయార్కు మ్యూజియములో చాలకాలముండిన ఆ పాత్ర 2008లో ఇటలీకి తిరిగి చేరెను.

ప్రియ చదువరీ, ఈ హుప్నోస్ అను మాటయే దేవత పేరుగా కాక, సామాన్యమైన నిద్రయను అర్థముతో యోహాను 11:13లో నున్నది. లాజరు నిద్రపోయెనని ప్రభువు చెప్పగా శిష్యులు మామూలు నిద్రయే యనుకొనిరి. 11వ వచనములో మేలుకొలుపుటకు సువార్తికుడు వాడిన క్రియ ఎక్సుప్నిజో. దానిలో హుప్నోస్ ఇమిడియున్నది: నిద్రలోనుండి వెలుపలికి తెచ్చుట. తెలుగులో మేలుకొలుపు అనగానే వేకువ స్ఫురించును, సంతోషమే; కాని ఆ ‘వెలుపలికి’ అనునది జారిపోవును. అనువాదకునికి ఇట్టి నష్టములు నిత్యము.

మన సమాధుల తోటలలో రాళ్లమీద ‘ప్రభువునందు నిద్రించెను’ అని చెక్కించుచున్నాము. బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లికి ఆ మాట నిజమును కప్పిపుచ్చునట్లు తోచవచ్చును. ఆమెను గద్దింపకుడి. శిష్యులు గ్రహింపనప్పుడు ప్రభువు లాజరు చనిపోయెనని స్పష్టముగా చెప్పెను (14వ వచనము). మరణమును మరణమని పలుకగలిగినవాడే దానిని నిద్ర యనెను. మేలుకొలుప వచ్చినవాడైయుండియు సమాధి చేరకమునుపే కన్నీరు విడిచెను. ఆ తల్లి కన్నీరు అవిశ్వాసమని యెవరనగలరు?

లాజరు మరల ఒక దినమున మరణించియుండును. ఆ సంగతిని మన ప్రసంగములలో తరచుగా దాటిపోవుచున్నాము. అయినను బేతనియలో జరిగినది చిన్న సంగతి కాదు. పాత్రమీద నిద్రయు మరణమును చెరియొక ప్రక్క వంగి సర్పేదోనును ఎత్తుచున్నారు, మోసికొనిపోవుటకే. ఇక్కడనో, నాలుగు దినములాయెను, కంపు కొట్టునని మార్త వారించెను. అయినను రాయి తీయబడెను, లాజరు పేరుపెట్టి పిలువబడెను.