విరోధి గ్రంథమునకు అరలో చోటు

చెరసాలలే ఉండరాదని వాదించువారి పుస్తకములను భద్రపరచుట మన పనియా? దోణిమలైలో దుకాణము నడపు వర్తకునికి ఈ ప్రశ్న రుచింపదు. తాళము పగిలిన రాత్రి ఠాణా మెట్లెక్కువాడు అతడే. బళ్లారి అల్లీపురం జైలులో దేశభక్తులను సైతము బంధించిరని అతడెరుగును. అయినను దొంగకు జైలు ఉండవలసినదే యనును. ఆ భయము న్యాయమైనదే. కాని తత్త్వార్థసూత్రము అహింసాణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో మొదటిది బంధమే. ఈ చిక్కును శ్రావకుడు తప్పించుకొనలేడు.

అమెరికాలో 1976లో కొందరు ‘జైళ్లకు బదులు’ అను అర్థము గల పేరుతో ఒక చేపుస్తకము వెలువరించిరి. 2003లో ఏంజెలా డేవిస్ జైళ్లకు కాలము చెల్లినదా యని పుస్తకమే వ్రాసినది. ఇవి నిలుచును. వీటి చుట్టు పుట్టిన కరపత్రములు, ఖైదీల ఉత్తరములు చవుక కాగితము మీదివి. ఎవరైన దాచినగాని నిలువవు. తెలుగున ఉరిశిక్షను ఎదిరించిన బాలగోపాల్ 2009లో మరణించిరి. వారి వ్యాసములు ఒకచోట సేకరింపబడుట మన అదృష్టము.

“మనము ఒప్పని మాటను మనమేల మోయవలె?” నందురు. పాటణ జ్ఞానభండారమును చూడుడు. జయరాశి ప్రమాణములనన్నిటిని ఖండించెను. ఆత్మవాదమును సైతము వదలలేదు. అతని తత్త్వోపప్లవసింహము తాళపత్రప్రతి దొరికినది ఆ జైన భండారములోనే. 1940లో దానిని పరిష్కరించి అచ్చువేయించిన వారిలో ఒకరు పండిత సుఖలాల్‌జీ, కన్నులు లేని జైన పండితుడు. దానిని దాచినవారు జయరాశి శిష్యులు కారు.

జ్ఞానపంచమినాడు బీరువా తెరచినప్పుడు, అట్టి కరపత్రము చేతికి వచ్చినచో, ఎవరు ఎప్పుడు ముద్రించిరో వ్రాసి గుడ్డలో చుట్టి ఉంచవచ్చును. ఆ రాత్రి దుకాణమునకు తాళము వేయుట మానవలసిన పనిలేదు.