బంతి వెళ్లిపోయాక

రాజమండ్రిలో బ్లేడు అన్నామంటే అవతలివాళ్లు ముందు జేబు తడుముకుంటారు, బ్లేడ్ బ్యాచ్ గుర్తొచ్చి. నేను చెప్పబోయేది టేబుల్ టెన్నిస్ బ్లేడు గురించి. రబ్బర్లు అంటించకముందు బ్యాట్‌లో మిగిలే వట్టి చెక్క.

మా క్లబ్బులో ఎవరు కొత్త బ్లేడు తెచ్చినా మాస్టారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూస్తారు. కోనసీమలో కొబ్బరికాయ లేతదా ముదురుదా అని కొట్టి చూస్తారే, అలాగ. సన్నగా మోగితే బిగువైనది, బంతి దూసుకుపోతుంది. బొంగురుగా మోగితే మెత్తనిది, నిదానం. ఇందులో మాయేం లేదు. బిగువైన పలక వేగంగా కంపిస్తుంది, అంతే. ఆ మోతని ఫోన్‌లో రికార్డు చేసి, హెర్ట్జ్ లెక్కన బ్లేడ్లని వరసలో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. వేగానికి అలా ఒక అంకె దొరుకుతుంది. ఫీల్‌కి మాత్రం దొరకదు.

మాస్టారి బ్లేడు ఐదు పొరలూ చెక్కే. నాది పోయినేడు కొన్నది, పొరల మధ్య కార్బన్ ఉంది. రూల్ ప్రకారం బ్లేడు మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క ఉండాలి, ఒక్కో కార్బన్ పొర 0.35 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆ కాస్త పొర వచ్చాకే నేను మాస్టారి మీద గెలవడం మొదలైంది. మొదటివారం ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాను. రెండోవారం నుంచి ఏదో గుచ్చుకోవడం మొదలుపెట్టింది. గెలుస్తున్నది నేనేనా?

పాత తగువే ఇది. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీల్లో జపాన్ ఆటగాడు హిరోజీ సాతో మందపాటి స్పాంజ్ బ్యాట్‌తో ఆడి సింగిల్స్ గెలిచాడు. ఆ బ్యాట్ చప్పుడు చెయ్యదు. బంతి ఎంత గట్టిగా తగిలిందో చెవితో పసిగట్టే అలవాటున్న ప్రత్యర్థులు తికమకపడ్డారు. 1959లో రబ్బరు మందానికి హద్దు పెట్టారు. న్యాయం సంగతి అలా రూల్స్ చూసుకుంటాయి. (కొనగలిగే స్తోమత సంగతి అవి చూసుకోవనుకోండి.) నన్ను గుచ్చింది వేరే.

బంతి బ్యాట్‌ని తాకి ఉండేది సుమారు సెకనులో వెయ్యో వంతు. అరచేతి నుంచి మెదడుకి కబురు వెళ్లడానికి అంతకి ఎన్నో రెట్ల సమయం కావాలి. అంటే ఫీల్ మనకి అందేసరికి బంతి ఎప్పుడో వెళ్లిపోయింది. ఆ దెబ్బని సరిదిద్దడానికి అది పనికిరాదు. మరి దేనికి? సాక్ష్యానికి. మెత్తటి చెక్క మీద బంతి పక్కకి తగిలితే పిడి జివ్వుమంటుంది. బంతి టేబుల్ మీద పడినా సరే, తప్పు కొట్టావురా అని చేతికి చెప్పేస్తుంది. నా కార్బన్ బ్లేడు ఆ కంపనాన్ని చాలావరకు మింగేస్తుంది. తప్పు కొట్టినా బంతి పోతుంది, పాయింటు వస్తుంది, నాకేమీ తెలియదు.

ఒక సాయంత్రం బ్యాట్లు మార్చుకుందామా మాస్టారూ అన్నాను. మొదటి గేము 11-4తో ఓడిపోయాను. ఆ నాలుగిట్లో రెండు చెత్త దెబ్బలు. బంతి అంచున పడి పాయింటొచ్చింది, ఆయన "మంచి షాట్" అన్నారు కూడా. పిడి పట్టుకున్న చేతికి తెలుసు. గెలిచిన పాయింటుకి సిగ్గుపడటం నాకదే మొదటిసారి.

ఆయన కూడా నా బ్యాట్ తిరిగిచ్చేస్తూ, ఇందులో ప్రాణం లేదయ్యా అంటారనుకున్నాను. పిడి కేసి చూసి "ఎంతయ్యిందబ్బాయ్ ఇది?" అన్నారు.

"అదేంటి మాస్టారూ, దీంట్లో ఫీల్ ఏముంది?"

"నా తప్పులు నాకు ముప్పయ్యేళ్లుగా వినపడతానే ఉన్నాయి. భుజం లాగకుండా నాలుగు షాట్లు పడితే చాలయ్యా ఇప్పుడు. ఇంకో గేమాడదాం, రా."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు బ్యాట్లు తిరిగి మార్చుకోలేదు. ఆయన పిడి చెమటకి నల్లబడి, ఆయన వేళ్ల చోట అరిగిపోయి ఉంది. నా వేళ్లు ఇంకా అక్కడ సరిగ్గా కూర్చోవడం లేదు.